మూడే, రాసుకో

వరండా ముప్పై మీటర్లు.
ఈ కొసన ఒక నారింజరంగు శంకువు, ఆ కొసన ఒకటి.
కిటికీల అవతల నల్లసముద్రం.
రేవులో బొగ్గు ఓడ ఒకటి
పొద్దుటి నుంచీ కదల్లేదు.

సాతిల్‌మిష్ గారి మెడకి రెండు బిళ్లలు అంటించాను.
ఊపిరి కోసం కండరం ఎంత గుంజులాడుతోందో
అవి వింటాయి.
కొత్త యంత్రం, జోంగుల్దాక్‌కి వచ్చి మూడు నెలలైంది.
"గడ్డం గీసుకొచ్చాను... పెళ్లికొడుకులా"
అన్నాడాయన, మాటకీ మాటకీ మధ్య
మెట్టు ఎక్కుతున్నట్టు.

ఆరు నిమిషాలు. పరుగు వద్దు.
కావాలంటే ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు.
గడియారం మాత్రం ఆగదు.
నా మాటలు కావివి, కాగితం మీదివి.
రోజుకి ఎనిమిదిసార్లు చదువుతాను.
ఎనిమిదిసార్లూ ఆ ఆఖరి వాక్యం దగ్గర
గొంతు తగ్గించుకుంటాను.

అట్ట చూపించాను.
సున్నా అంటే ఆయాసమే లేదు.
అర అంటే ఉందా లేదా అన్నంత.
మూడు, ఓ మోస్తరు.
పది, ఇక దీన్ని మించింది లేదన్నంత.
ఇప్పుడెంత?
"సున్నా."
కూర్చున్న కుర్చీలోనే ఛాతీ ఈల వేస్తోంది.

నడిచాడు.
కప్పు చాలా ఎత్తు, అయినా తల వంచే నడిచాడు.
ఇరవై ఆరేళ్లు భూమి కింద నడిచిన నడక
పైకొచ్చాక కూడా నిటారు కాలేదు.
రెండో నిమిషం. వేలి క్లిప్పులో తొంభై ఒకటి.
మూడో నిమిషం. ఎనభై ఆరు.
పెదాలు సున్నా చుట్టి
వేడి టీ ఊదుకుంటున్నట్టు ఊదుతున్నాడు.
మెడ మీద నరాలు నవారులా బిగిశాయి.
తెరమీద గీత పైపైకి పాకుతోంది.
"బాగా నడుస్తున్నారు, ఇంకా మూడు నిమిషాలే."
ఇదీ కాగితం మీదిదే.

ఐదో కిటికీ దగ్గర ఆగాడు.
"ఆ ఓడ... దింపుతోందా... ఎక్కిస్తోందా?"
నాకు తెలుసు ఈ ఎత్తు.
నిన్న గుల్‌బహార్ గారు మూడుసార్లు చెప్పు సరిచేసుకుంది.
మా ఊరంతా మెట్లే.
దారిలో ఆగి ధరలడిగేవాళ్లందరూ
కొనడానికే ఆగరు.

రెండువందల పద్నాలుగు మీటర్లు.
కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఎంత?
వేళ్లు చూపించాడు. మూడు.
యంత్రం అలా అనడం లేదు.
కండరం దగ్గర ఉన్నదంతా ఊడ్చి ఖర్చయిందంటోంది.
మళ్లీ అడిగాను.

చాలాసేపటికి, "పదంటే ఏంటి తల్లీ?
ఎవరు చూసొచ్చి రాశారు?" అన్నాడు.
సొరంగంలో గ్యాసు కమ్మిన రోజు,
తొమ్మిదిమంది, ఒకటే గాలిగొట్టం.
వంతులవారీగా నోరు పెట్టాలి.
"నా వంతు వచ్చేదాకా లెక్కపెట్టుకున్నా.
అది పది.
నా తర్వాత యాషార్. వాడి వంతు వచ్చేసరికి..."
ఆ సంఖ్య అట్ట మీద లేదు.

"ముందు పుట్టినవాళ్లు దక్కలేదని
అమ్ముడుపోయాడని పేరు పెట్టింది మా అమ్మ నాకు.
వాడికేమో, బతుకుతాడు, అని పెట్టారు.
చూడు మరి."
నవ్వబోయి దగ్గాడు.
దగ్గు తగ్గేదాకా ఇద్దరం ఓడనే చూశాం.
"మూడే, రాసుకో."

రాసుకున్నాను.
పక్క గడిలో యంత్రం చెప్పింది రాశాను.
రెండు గడుల మధ్య
సన్నటి సిరాగీత.

బిళ్లలు ఊడదీస్తుంటే అడిగాడు,
బస్టాపుకి ఎన్ని మెట్లని.
అరవై రెండు.
నలభై అన్నాను.
తల ఊపాడు, నమ్మినట్టే.

తర్వాతి మనిషిని పిలవబోతూ కిటికీలోంచి చూశాను.
సగం మెట్ల దగ్గర, హేజెల్ గింజల బండి పక్కన
నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.
ధర అడుగుతున్నాడు కాబోలు.
బండివాడు దోసిలినిండా తీసి చూపిస్తున్నాడు.
ఇంకా అడుగుతున్నాడు.

మెడలో గడియారం వేలాడుతోంది.
నేను నొక్కలేదు.